బెజవాడ ఎండలో ఘన ఎలక్ట్రోలైట్ వాహకత కొలవడం: నా అనుభవం

సాలిడ్ స్టేట్ బ్యాటరీల (ద్రవానికి బదులు ఘన ఎలక్ట్రోలైట్, అంటే లిథియం అయాన్లు నడిచే గట్టి పదార్థం, ఉండే బ్యాటరీల) మీద ప్రాజెక్టు మొదలుపెట్టిన పిల్లలు ముందుగా అడిగేది ఇంపీడెన్స్ మిషను (రకరకాల ఫ్రీక్వెన్సీల ఏసీ సిగ్నల్ పంపి, పదార్థం కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే పరికరం) ఎక్కడ దొరుకుతుందని. ఎలక్ట్రోకెమిస్ట్రీ చేసే ల్యాబుల్లో అది ఉంటూనే ఉంటుంది, కొలత కూడా అరగంటలో అయిపోతుంది. కానీ వచ్చే అంకె మంచిదా చెత్తదా అన్నది ఆ అరగంటకు ముందే తేలిపోతుంది. పెల్లెట్ (పౌడర్‌ను నొక్కి కాల్చిన బిళ్ల) ఎంత గట్టిగా కాలింది, ఎలక్ట్రోడ్‌గా దాని మీద వెండి ఎలా పూశారు, లోపల తేమ ఉందా, కొలిచేటప్పుడు అది నిజంగా ఎంత వేడిలో ఉంది, ఇవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. మిషను చేసేది దాన్ని చదివి చెప్పడమే.

విజయవాడ, గుంటూరు వాతావరణంలో మొదటి పదార్థంగా ఎల్‌ఏటీపీని తీసుకోమంటాను. లిథియం 1.3, అల్యూమినియం 0.3, టైటానియం 1.7, ఫాస్ఫేట్ 3 పాళ్లలో ఉండే పదార్థమిది. 1990లో జపాన్ పరిశోధకులు దీనికి 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 0.7 మిల్లీసీమెన్స్ వాహకత చూపించారు. 2011లో వచ్చిన జర్మేనియం సల్ఫైడ్ పదార్థం 12 దాకా పోయింది, ద్రవ ఎలక్ట్రోలైట్లతో సమానం. కానీ సల్ఫైడ్లకు తేమ తగిలిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది, గ్లవ్ బాక్స్ (గాలి చొరబడని పెట్టె) లేకుండా ముట్టుకోకూడదు. 2007లో మురుగన్, తంగదురై, వెప్నర్‌లు వెలుగులోకి తెచ్చిన గార్నెట్ రకం ఎలక్ట్రోలైట్‌కు గాలి తగిలితే పైన లిథియం కార్బొనేట్ పొర కడుతుంది. కృష్ణ ఒడ్డున, అదీ ఆగస్టులో, దాన్ని బయట పెట్టి కొలిచారంటే కొలిచింది గార్నెట్‌నో ఆ పొరనో చెప్పలేరు. ఎల్‌ఏటీపీకి ఆ బాధ చాలా తక్కువ.

10 గ్రాముల పౌడర్‌కు లెక్క ఇది. లిథియం కార్బొనేట్ 1.253 గ్రాములు, అల్యూమినా 0.399, అనటేస్ రకం టైటానియం డయాక్సైడ్ 3.541, అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 9.000. కాలేటప్పుడు లిథియం కొంత ఆవిరైపోతుంది కాబట్టి కార్బొనేట్‌ను 10 శాతం పెంచి 1.378 గ్రాములు వేస్తాం. కార్బొనేట్‌నూ ఆక్సైడ్లనూ ముందురోజు రాత్రి 150 డిగ్రీల ఓవెన్లో పెట్టి పొద్దున తూయాలి. వానాకాలంలో సీసాలోంచి నేరుగా తూస్తే, తూకంలో నీళ్లు కూడా ఉంటాయి.

కలిపిన పౌడర్‌ను జిర్కోనియా గుళ్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి 6 గంటలు బాల్ మిల్లు చేసి ఆరబెడతాం. తర్వాతి మెట్టులో తొందర పనికిరాదు. ఫాస్ఫేట్ లవణం వేడెక్కేకొద్దీ కరిగి, అమ్మోనియా, నీటి ఆవిరి వదులుతూ పొంగుతుంది. క్రూసిబుల్‌లో (కాల్చే గిన్నెలో) మూడో వంతుకు మించి నింపితే ఫర్నేస్ అడుగంతా తెల్లటి జిగురు. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 400 దాకా తీసుకెళ్లి, 4 గంటలు అక్కడే ఉంచి, చల్లార్చి, అగేట్ మోర్టార్‌లో మళ్లీ నూరాలి. ఆ ఫర్నేస్ పొగ గొట్టం కిందో ఫ్యూమ్ హుడ్ పక్కనో ఉండాలి, అమ్మోనియా ఘాటుకు గదిలో నిలబడలేరు. ఆ తర్వాత 900 డిగ్రీల దగ్గర 2 గంటలు. ఇప్పుడు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఏ స్ఫటికాలు ఏర్పడ్డాయో చెప్పే పరీక్ష) తీసి చూడాలి. అల్యూమినియం ఫాస్ఫేట్ పీకులు గట్టిగా కనిపిస్తుంటే పెల్లెట్ దాకా వెళ్లడం దండగ, మళ్లీ నూరి మళ్లీ కాల్చాలి.

పెల్లెట్‌కు 13 మిల్లీమీటర్ల డై చాలు. 2 శాతం పీవీఏ బైండర్ (పౌడర్‌ను పట్టి ఉంచే జిగురు) కలిపిన పౌడర్ 0.45 గ్రాములు పోసి, 2 టన్నుల బరువు మీద 2 నిమిషాలు ఉంచితే సుమారు 150 మెగాపాస్కల్స్ ఒత్తిడి పడుతుంది. చేత్తో కొట్టే ప్రెస్సుల్లో చాలావాటి గేజ్ చూపేది నూనె ఒత్తిడి, డై మీద పడే బరువు కాదు. పిస్టన్ వ్యాసం తెలుసుకుని ఒకసారి లెక్కగట్టి గేజ్ మీద కాగితం అంటించుకోవాలి. బలంగా నొక్కితే గట్టిపడుతుందని 5, 6 టన్నులు పెట్టేవాళ్లున్నారు. డైలోంచి తీసేటప్పుడు పెల్లెట్ పైపొర మూతలా ఊడొస్తుంది. ఒత్తిడిని మెల్లగా వదలడం, డై గోడలకు అసిటోన్‌లో కరిగించిన స్టియరిక్ యాసిడ్ పలచగా రాయడం, ఈ రెండూ చేస్తే చాలావరకు ఆ తంటా ఉండదు.

సింటరింగ్‌కు, అంటే కాల్చి గట్టిపరచడానికి, పెల్లెట్‌ను అదే పౌడర్ పరుపు మీద పెట్టి, పైన కూడా అదే పౌడర్ కప్పాలి. అల్యూమినా క్రూసిబుల్‌కు తగలకుండా, లిథియం ఎగిరిపోకుండా ఆ పౌడరే కాపాడుతుంది. 500 దగ్గర గంటసేపు ఆపితే బైండర్ కాలిపోతుంది. తర్వాత 950 దగ్గర 6 గంటలు. ఇంకా వేడిచేస్తే సాంద్రత పెరుగుతుంది కదా అని 1050కి ఎక్కిస్తే రేణువులు పెద్దవైపోతాయి. ఈ స్ఫటికం వేడికి ఒక దిక్కులో ఎక్కువ, ఇంకో దిక్కులో తక్కువ వ్యాకోచిస్తుంది. రేణువు చిన్నదైతే ఆ తేడాను ఓర్చుకుంటుంది, పెద్దదైతే చల్లారేటప్పుడు రేణువుల మధ్య సన్న చీలికలు వస్తాయి. పైకి పెల్లెట్ నున్నగా, గట్టిగానే కనిపిస్తుంది, వాహకత మాత్రం పడిపోతుంది. వేసవిలో లోడ్ పెరిగి వోల్టేజి పడితే ఫర్నేస్ చెప్పిన వేగంతో ఎక్కదు. కంట్రోలర్‌లో, వేడి వెనకబడితే టైమరు ఆగి దానికోసం కాచుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్‌లో ఉంచాలి.

కాలిన పెల్లెట్ తెల్లగా ఉండాలి. నీలి ఛాయ కనిపిస్తే టైటానియం కొంత క్షయీకరణం చెందిందని అనుమానించాలి. రెండు ముఖాలనూ 400, 800, 1200 నంబర్ల సిలికాన్ కార్బైడ్ కాగితాల మీద వరసగా అరగదీస్తాం, నీళ్లు వాడకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. మైక్రోమీటర్‌తో ఐదు చోట్ల మందం చూడాలి. చోటుచోటుకూ 0.02 మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ముఖాలు సమంగా లేనట్టు.

ఒక మామూలు పెల్లెట్ అంకెలు చూద్దాం. అరగదీశాక మందం 1.50 మిల్లీమీటర్లు, వ్యాసం 11.4 మిల్లీమీటర్లు, బరువు 0.410 గ్రాములు. వైశాల్యం 1.02 చదరపు సెంటీమీటర్లు, సాంద్రత 2.68. స్ఫటికం సిద్ధాంత సాంద్రత సుమారు 2.94 కాబట్టి ఇది 91 శాతం. 90 కంటే తక్కువ వస్తే నేనైతే ఎలక్ట్రోడ్ పూయను. సిల్వర్ పేస్ట్‌లోని ద్రావకం రంధ్రాల్లోకి దిగుతూ వెండినీ లాక్కుపోతుంది. మైక్రోమీటర్ 1.5 చూపినా అయాన్లు నడిచే దారి 1.3 అయిపోతుంది, వాహకత ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. అలాంటి ఎక్కువ అంకెను ఎవరూ అనుమానించరు, తంటా అదే.

బంగారం స్పటరింగ్ (శూన్యంలో పలచటి లోహపు పొర వేయడం) సౌకర్యం ఉంటే వెండికంటే అదే మేలు. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) గదిలోని కోటర్ బొమ్మ తీయడానికి వేసే పొర 10 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మనకు 100 దాకా కావాలి. ఆపరేటరు గారికి ముందే చెప్పి ఎక్కువసేపు, మధ్యమధ్య ఆపుతూ వేయించుకోవాలి. వెండైనా బంగారమైనా పక్క అంచు మీదికి పాకకూడదు. పాకితే కరెంటు పెల్లెట్‌లోంచి పోకుండా అంచు మీదుగా పోతుంది. పూత అయ్యాక అంచును 800 కాగితంతో ఓసారి చుట్టూ గీకి, రెండు ముఖాల మధ్య మామూలు మల్టీమీటర్ పెట్టి చూస్తాం. రీడింగు పైపైకి పోతూ మెగాఓమ్‌లలోకి వెళ్తే మంచిది, ఎందుకంటే వెండి దగ్గర అయాన్లు ఆగిపోతాయి, డీసీ కరెంటు పారదు. కొన్ని ఓమ్‌ల దగ్గర నిలబడిపోతే షార్ట్ అయిందన్నమాట. ఇంకో సంగతి, పూత ముఖం మొత్తానికీ ఉండాలి. 11.4 మిల్లీమీటర్ల ముఖం మీద 8 మిల్లీమీటర్ల చుక్క పెట్టి, లెక్కలో పెల్లెట్ వైశాల్యం వేస్తే ఫలితం దాదాపు సగానికి వస్తుంది.

హోల్డర్ కొనక్కర్లేదు. ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీకి స్కెచ్ ఇస్తే చేసిపెడతారు. 12 మిల్లీమీటర్ల 316 స్టెయిన్‌లెస్ రాడ్లు రెండు, వాటికి టెఫ్లాన్ తొడుగు, పైన స్ప్రింగు, బిగించడానికి మూడు బోల్టులు. రాడ్ ముఖాలు రెండూ ఒకదానికొకటి సమంగా రావాలని గట్టిగా చెప్పాలి. స్టెయిన్‌లెస్‌కు మామూలు సోల్డర్ పట్టదు, అందుకని రాడ్ వెనక చిన్న రంధ్రం వేయించి, మర తీయించి, వైరును స్క్రూతో బిగించాలి. స్ప్రింగు మరీ గట్టిదైతే పెల్లెట్ ఐమూలగా చీలుతుంది. టెఫ్లాన్ 200 డిగ్రీల వరకే, అంతకు పైన అల్యూమినా గొట్టాలు వాడాలి.

పెల్లెట్ పెట్టేముందు మిషనును నమ్మొచ్చో లేదో చూసుకోవాలి. 1 కిలోఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్, రెండూ టీ ఖర్చుతో వచ్చేవే. వాటిని సమాంతరంగా కలిపి హోల్డర్ చివర్ల మధ్య పెట్టి నడిపితే గ్రాఫులో (అడ్డంగా నిరోధం, నిలువుగా కెపాసిటర్ వల్ల వచ్చే అడ్డు) 1000 ఓమ్‌ల వ్యాసంతో చక్కటి అర్ధవృత్తం రావాలి, దాని శిఖరం 15.9 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి. అలా రాకపోతే తప్పు కేబుల్‌లోనో కాంపెన్సేషన్‌లోనో (కేబుల్, హోల్డర్‌ల సొంత ప్రభావాన్ని తీసేసే సర్దుబాటులో) ఉంది. కేబుల్ పొడవు మీటరు దాటనివ్వొద్దు. దాని ఇండక్టెన్స్ 1 మైక్రోహెన్రీ ఉన్నా 1 మెగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌లు కలుస్తాయి, వంద ఓమ్‌ల పెల్లెట్‌కు అది తక్కువేం కాదు. హోల్డర్ రెండు రాడ్లనూ ముట్టించి షార్ట్ కాంపెన్సేషన్, పెల్లెట్ మందమంత దూరంలో పెట్టి ఓపెన్ కాంపెన్సేషన్ చేయాలి.

ఇప్పుడు తేమ. బయటికి తేమ తట్టుకునే పదార్థమే అయినా 91 శాతం పెల్లెట్‌లో 9 శాతం రంధ్రాలున్నాయి, వాటి గోడల మీద నీరు పడుతుంది. ఆ నీటి పొరలో ప్రోటాన్లు నడుస్తాయి, అది కూడా వాహకతగానే లెక్కలోకొస్తుంది. వానాకాలంలో డెసికేటర్ (తేమ పీల్చే గింజలున్న మూత పాత్ర) మూత రోజూ తీసి పెడుతుంటే నీలం సిలికా జెల్ వారం తిరక్కుండానే గులాబీ రంగుకు వస్తుంది. చుట్టూ ఎంత తేమ ఉందో ఆ గింజలే చెబుతాయి. జెల్‌ను 120 డిగ్రీల ఓవెన్లో పెట్టి మళ్లీ నీలం చేసుకోవాలి. పెల్లెట్‌ను హోల్డర్‌తో సహా 150 డిగ్రీలకు తీసుకెళ్లి, నైట్రోజన్ పారిస్తూ రాత్రంతా ఉంచుతాం. మామూలు సిలిండర్ నైట్రోజన్‌లోనూ తేమ ఉంటుంది, మధ్యలో సిలికా జెల్ గొట్టం, దాని వెనక మాలిక్యులర్ సీవ్ గొట్టం పెట్టాలి.

తేమ పోయిందో లేదో తెలియడానికి సులువైన దారి, వేడెక్కేటప్పుడొకసారి, చల్లారేటప్పుడొకసారి కొలవడం. ఎక్కేటప్పుడు 40 డిగ్రీల దగ్గర వాహకత ఎక్కువగా ఉండి, 80, 100 దగ్గర పెరగాల్సినంత పెరగక, దిగేటప్పుడు అదే 40 దగ్గర తగ్గి కనిపిస్తే, మొదటిసారి కొలిచింది నీళ్లనే. మేం చల్లారేటప్పటి అంకెలే రాస్తాం.

వేడి సంగతి ఇంకా పెద్దది. ఎల్‌ఏటీపీ క్రియాశీల శక్తి (అయాను పక్క చోటికి దూకడానికి కావాల్సిన శక్తి) 0.35 ఎలక్ట్రాన్ వోల్టులు అనుకుంటే, 25 నుంచి 35 డిగ్రీలకు వెళ్లగానే వాహకత ఒకటిన్నర రెట్లవుతుంది. 40కి వెళ్తే 1.8 రెట్లు. మేలో మన గదుల్లో ఏసీ ఆగితే 38, 40 మామూలే. ఒకే పెల్లెట్‌ను జనవరిలో ఒకరు, మేలో ఇంకొకరు కొలిచి, ‘గది ఉష్ణోగ్రత’ అని రాస్తే, రెండో బ్యాచ్ బాగా కుదిరిందని సంబరపడతారు. కుదిరింది ఎండ.

ఏసీ రిమోట్ మీద 24 ఉందని పెల్లెట్ 24లో ఉండదు. థర్మోకపుల్ పెల్లెట్‌కు ఆనుకున్న రాడ్‌ను తాకాలి, మధ్యలో సన్నటి మైకా ముక్క పెట్టి. మైకా లేకపోతే థర్మోకపుల్ మీటర్ నుంచి 50 హెర్ట్జ్ రొద నేరుగా కొలతలోకి ఎక్కుతుంది. ఓవెన్ గోడ దగ్గరి రీడింగుకూ పెల్లెట్ దగ్గరి రీడింగుకూ 5, 6 డిగ్రీల తేడా సులువుగా వస్తుంది. ప్రతి మెట్టులో 30 నుంచి 45 నిమిషాలు ఆగి, వరసగా రెండు స్వీపులు (ఫ్రీక్వెన్సీని పైనుంచి కిందికి మారుస్తూ కొలిచే కొలతలు) 1 శాతం లోపు కలిస్తేనే ముందుకెళ్లాలి. వేసవిలో చిల్లర్ లేనివాళ్లు 25 దగ్గర కొలవాలని ఏసీతో కుస్తీ పట్టే బదులు 40 నుంచి 150 దాకా కొలిచి, గీత గీసి, 25 దగ్గర విలువ లెక్కగట్టడం నయం. అలా లెక్కగట్టిందని రాయాలి కూడా.

స్వీప్ 1 మెగాహెర్ట్జ్ నుంచి 0.1 హెర్ట్జ్ దాకా, ఫ్రీక్వెన్సీ పది రెట్లు మారే ప్రతి మెట్టుకూ 10 బిందువులు, 20 నుంచి 50 మిల్లీవోల్టుల సిగ్నల్, డీసీ సున్నా. వోల్టేజి రెట్టింపు చేసినా అదే గీత వస్తే కొలత సరళ పరిధిలో ఉన్నట్టు. 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర చుక్కలు చెదిరిపోతే కరెంటు లైను రొద చేరిందని అర్థం. హోల్డర్‌ను ఎర్త్ చేసిన అల్యూమినియం పెట్టెలో పెట్టడం, స్వీప్ జరిగే కాసేపు ఫర్నేస్ హీటర్ ఆపడం, ఈ రెండింటితో చాలావరకు పోతుంది. ఎర్త్ పేరుకే ఉన్న బిల్డింగుల్లో పెట్టె పెట్టినా ఉపయోగముండదు, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

వచ్చిన నైక్విస్ట్ గీతను (పైన అర్ధవృత్తం చూసిన గ్రాఫే) రెండు అక్షాలూ ఒకే స్కేలులో ఉండేలా గీయాలి. అచ్చైన పేపర్లలో కూడా నిలువు అక్షాన్ని సాగదీసిన బొమ్మలుంటాయి, వాటిలో అణగారిన వృత్తం గుండ్రంగా కనిపించి మోసం చేస్తుంది. మన పెల్లెట్ గీత ఎడమవైపు 110 ఓమ్‌ల దగ్గర మొదలై, ఒక అర్ధవృత్తం గీసి, 410 దగ్గర అక్షానికి దగ్గరగా దిగి, అక్కణ్నుంచి ఏటవాలు గీతగా పైకి పోయిందనుకుందాం. 110 రేణువుల లోపలి నిరోధం, మిగతా 300 రేణువుల సరిహద్దులది. మొత్తం వాహకత అంటే మందాన్ని 410తోనూ వైశాల్యంతోనూ భాగించడమే, సెంటీమీటరుకు 0.36 మిల్లీసీమెన్స్ వస్తుంది. రేణువులకు మాత్రమే లెక్కిస్తే 1.3. పేపర్లలో కొందరు ఈ 1.3ను పైన పెద్దక్షరాల్లో వేసి, 0.36ను లోపల ఎక్కడో దాస్తారు. బ్యాటరీలో అయాను సరిహద్దులు దాటకుండా పోదు కాబట్టి మనకు అసలు పనికొచ్చేది మొత్తం వాహకతే.

ఆ అర్ధవృత్తం నిజంగా సరిహద్దులదేనా అన్నది కెపాసిటెన్స్ చూసి తేల్చాలి. రేణువుల లోపలిదైతే పికోఫారడ్లలో, సరిహద్దులదైతే పదుల పికోఫారడ్ల నుంచి పది నానోఫారడ్ల వరకు, ఎలక్ట్రోడ్ దగ్గరిదైతే 0.1 మైక్రోఫారడ్ దాటి ఉంటుంది. వృత్తం కొంచెం అణగి ఉంటుంది కాబట్టి ఫిట్టింగులో కెపాసిటర్‌కు బదులు స్థిర దశ మూలకం (ఆదర్శంగా ప్రవర్తించని కెపాసిటర్‌కు నమూనా; దాని పరిమాణం క్యూ, ఆదర్శానికి ఎంత దగ్గరో చెప్పేది ఘాతం) వాడతాం. నిరోధం 300 ఓమ్‌లు, క్యూ విలువ ఐదు కోట్లలో ఒక వంతు, అంటే 0.00000002, ఘాతం 0.9 వస్తే అసలు కెపాసిటెన్స్ 5.3 నానోఫారడ్లు, శిఖరం 100 కిలోహెర్ట్జ్ దగ్గర. సరిహద్దులదే. క్యూనే నేరుగా కెపాసిటెన్స్ అనుకుంటే 20 నానోఫారడ్లయి, లెక్క నాలుగింతలు తప్పుతుంది. రేణువుల సొంత వృత్తం మాత్రం ఈ వేడిలో కనిపించదు. దాని శిఖరం 1 మెగాహెర్ట్జ్‌కు చాలా పైన, దాదాపు వంద మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది చూడాలంటే డ్రై ఐస్ తెచ్చి పెల్లెట్‌ను సున్నాకు కింద 60, 70 డిగ్రీలకు దించాలి.

చివర్లో వచ్చే ఏటవాలు గీతను పనికిరానిదని కత్తిరించేస్తుంటారు. అయాన్లు ఎలక్ట్రోడ్ దగ్గర ఆగి పేరుకుంటున్నాయని చెప్పేది అదే. అది నిటారుకు దగ్గరగా పోకుండా మళ్లీ అక్షం వైపు వంగితే, పదార్థంలోంచి ఎలక్ట్రాన్లు కూడా కారుతున్నాయని అనుమానించాలి. దాన్ని తేల్చడానికి అదే పెల్లెట్‌కు 1 వోల్ట్ డీసీ పెట్టి కరెంటు గమనిస్తాం. మొదట మైక్రోఆంపియర్లలో ఉండి, గంటల తరబడి దిగుతూ ఒక దగ్గర నిలబడుతుంది. నిలబడింది 20 నానోఆంపియర్ల దగ్గరైతే ఎలక్ట్రాన్ వాహకత సుమారు 0.000003 మిల్లీసీమెన్స్, అయాన్లదానిలో లక్షో వంతు. పదినిమిషాలకే ఆపేసి రాసుకుంటే ఆ అంకెలో ఇంకా ఆగని అయాన్లు కూడా కలిసుంటాయి, కాబట్టి సాయంత్రం పెట్టి పొద్దున చూడటం మంచిది, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద. ఈ పరీక్షకు బంగారమో వెండో మాత్రమే వాడాలి. ఎల్‌ఏటీపీకి లిథియం లోహం నేరుగా తగిలితే టైటానియం క్షయీకరణం చెంది తగిలిన చోటు నల్లబడుతుంది, ఆ పెల్లెట్ మళ్లీ కొలతకు పనికిరాదు.